సంస్కరణ ఆదివారం: రెండు భాషల సంఘంలో ఎలా జరపాలి?

ప్రశ్న: జయపురం వైపు లూథరన్ సంఘం మాది. సగం తెలుగు, సగం ఒడియా. 1517లో మార్టిన్ లూథర్ చర్చి సంస్కరణ మొదలుపెట్టిన గుర్తుగా జరిపే అక్టోబర్ 31 పనిరోజైతే ఆరాధన ఎప్పుడు పెట్టాలి? ఏముండాలి?

జవాబు 1: అంతకుముందు వచ్చే ఆదివారం పెట్టండన్నా, లూథరన్ల వాడుక అదే. బల్ల మీద ఎర్రబట్ట. పాఠాలు యిర్మీయా 31:31-34, రోమా 3:19-28, యోహాను 8:31-36. ప్రసంగం మొత్తం రెండు భాషల్లో చెప్పొద్దు, సమయం రెట్టింపవుతుంది. 46వ కీర్తన మాత్రం ఒక వచనం తెలుగులో, తర్వాతది ఒడియాలో చదివించండి, 11 వచనాలే. దేవుణ్ణి దుర్గంగా పాడే లూథర్ పాటకు మూలం అదే. ఒడియా బడుల్లో చదివే మన పిల్లలు చాలామందికి తెలుగు అక్షరాలు రావు. వాళ్ల కాగితంలో తెలుగు వచనాలనే ఒడియా లిపిలో, పెద్ద అక్షరాల్లో రాయండి. లేకపోతే నోరు కదపకుండా నిలబడతారు.

జవాబు 2: పాపాల శిక్ష తగ్గుతుందని చర్చి అమ్మిన పాపపరిహార పత్రాలను ప్రశ్నిస్తూ లూథర్ రాసిన 95 వాదాలూ చదవొద్దండి, వినేవాళ్లు అలసిపోతారు. 1, 45, 62 చాలు. 45వది సూటిగా తగులుతుంది: అక్కరలో ఉన్నవాణ్ణి చూసీ దాటిపోయి పాపపరిహార పత్రం కొనేవాడు దేవుని కోపాన్నే కొంటాడని. లూథర్ ఆ వాదాలను చర్చి తలుపుకు మేకు కొట్టే నాటికను చరిత్రగా చెప్పకండి, దానిమీద పండితుల్లో వాదం ఉంది. 1517 అక్టోబర్ 31న ఆయన జర్మనీలోని మైంజ్ ఆర్చిబిషప్‌కు ఉత్తరం రాసిందైతే ఖాయం.

జవాబు 3: క్యాథలిక్కులను తిట్టే ప్రసంగం వద్దు, దయచేసి. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో దేవుని ఎదుట మనుషులు నీతిమంతులుగా తీర్చబడడంపై లూథరన్లూ క్యాథలిక్కులూ ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. పక్క చర్చి ఫాదర్‌గారిని ఒక ప్రార్థనకు పిలవండి, వారం ముందే చెప్పాలి. యూదులమీద 1543లో లూథర్ రాసిన ఘోరమైన మాటలు కూడా యువకులకు దాచకండి.