సమస్య: "రెండు నొకటి కలియ రెండె యగును"

ఈ వారం పూరణకు ఇచ్చిన ఆటవెలది నాలుగో పాదం ఇది; ముందు మూడు పాదాలూ సభ్యులు రాయాలి. ఇచ్చినవారు తార్నాకలో ఉండే రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు. షరతు ఒక్కటే: పూరణలో రసాయన సమీకరణం ఉండాలి. అత్తాకోడళ్లు వద్దు (ఏ సమస్య ఇచ్చినా మనవాళ్లు అటే పోతారు).

మలక్‌పేట సభ్యుడు:

ఉదజనికిని రెండు, నొకటి యామ్లజనికి
పాళ్ళు; మండ వేడి బాష్పమగును;
ఘనపు కొలత చూడ గణితమ్ము తడబడె
రెండు నొకటి కలియ రెండె యగును

మాస్టారు: "వేడి" గణం కోసం వేసినట్టుంది గానీ, పద్యాన్ని నిలబెట్టింది అదే. రెండు లీటర్ల హైడ్రోజన్, లీటరు ఆక్సిజన్ కలిసి రెండు లీటర్లయ్యేది ఆవిరిగా ఉన్నంతసేపే; అదీ ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర కొలిస్తేనే. చల్లారి నీరైతే చెంచాడు కూడా రాదు. వాయువుల ఈ లెక్కను ఫ్రెంచ్ శాస్త్రవేత్త గే-లుసాక్ 1808లో చెప్పాడు. కారణం వెతుకుతూ 1811లో ఇటలీ శాస్త్రవేత్త అవగాడ్రో అణువుల దాకా వెళ్లాడు. "ఒకటి... పాళ్ళు" మాత్రం పొసగలేదు, ఒకటికి బహువచనమేమిటి?

చిక్కడపల్లి సభ్యుడు:

తూకమందు మార్పు తునకైన లేదోయి
నాల్గు రెండు కలియ నారె యచట
అణువు జతలు మారె నంతియే, యందుకే
రెండు నొకటి కలియ రెండె యగును

నిర్వాహకుడు: ఎత్తుగడ బాగుంది. రెండో పాదంలో యతి "ఆరె"లోని అచ్చుకు కుదరాలి, నకారంతో సరిపెట్టారు. ఇలా సంధిలో వచ్చి చేరిన హల్లుకే యతి వేసే అఖండయతిని ఒప్పుకోనివారు ఉన్నారు.

మాస్టారు: నాలుగు హైడ్రోజన్, రెండు ఆక్సిజన్ పరమాణువులు కలిసి ఆరే; తూకంలోనూ 4 గ్రాముల హైడ్రోజన్, 32 గ్రాముల ఆక్సిజన్ కలిసి 36 గ్రాముల నీరే, నిజం. కానీ జతలు మారేది పరమాణువులకండీ, అణువులకు కాదు. "కణపు జతలు మారె గద యంతె, యందుకే" అంటే యతీ నిలుస్తుంది.

చిక్కడపల్లి సభ్యుడు: మార్చుకున్నాను మాస్టారూ.

కూకట్‌పల్లి సభ్యురాలు: మా అమ్మాయి పదో తరగతి. సమీకరణాన్ని తుల్యం చేయమంటే చాలు, టెన్షన్. దాని మాటల్లోనే రాశాను.

కింది యంకె మార్చ గిట్టదు సారుకు;
ముందు గుణకమిడిన ముచ్చటగును;
నీటి ముందు రెండు నిలిపితి చూడుమా,
రెండు నొకటి కలియ రెండె యగును

మాస్టారు: సమీకరణంలోని (2H₂ + O₂ → 2H₂O) గుణకాలే, అంటే ముందుండే అంకెలే, సమస్యలోని అంకెలని పట్టింది మీరొక్కరే! సారుకు ఎందుకు గిట్టదో అమ్మాయికి చెప్పండి: హెచ్‌టూఓలో ఓ కింద రెండు వేస్తే లెక్క సరిపోతుంది గానీ, వచ్చేది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్.

మలక్‌పేట సభ్యుడు: "సారుకు" పద్యంలో చెల్లుతుందా?

నిర్వాహకుడు: "ఆచార్యునకు" అని దిద్దితే గణమూ పోతుంది, ఆ పిల్లా పోతుంది. ఉండనివ్వండి. ఈ వారానికి ఇదే మేటి పూరణ.

వచ్చే వారం, మళ్లీ ఆటవెలదే: "కాల్చి చూడ బరువు కాస్త పెరిగె". మెగ్నీషియం తీగను తలుచుకోండి.