వేరొండా? వేరొకటా?

వంటింటి కథకురాలు: హైదరాబాదులో ఆదివారం ఆదివారం కథలు రాసే క్లాసుకి వెళ్తున్నాను. ఎవరి కథ వాళ్లు జిరాక్సులు తీసి అందరికీ పంచాలి. చర్చ అయ్యేదాకా రాసినవాళ్లు నోరు విప్పకూడదు, అదొక రూలు. నిన్న నా వంతు. కథకి ‘వేరొండు గాథ’ అని పేరు పెట్టాను. అమ్మమ్మ పొద్దున్నే చదువుకునే పోతన భాగవతం పద్యం ఉంది కదా, ‘పలికెడిది భాగవతమఁట, పలికించెడివాఁడు రామభద్రుండఁట, నేఁ బలికిన భవహర మగునఁట, పలికెద, వేరొండు గాథ పలుకఁగ నేలా’ అని. అందులో చివరి పాదంలోని ముక్క అది. తొమ్మిది కాపీలు పంచితే ఎనిమిదింటిలో ‘వేరొక’ అని దిద్ది వచ్చింది. తొమ్మిదోదాంట్లో ‘గాధ’ అని. రూలు కదా, నోరు మూసుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చాక నాకే అనుమానం పట్టుకుంది. అమ్మమ్మ నోట విన్నది ‘వేరొండు’ అనే గుర్తు. తప్పా?

కందం పిచ్చి: తప్పెలా అవుతుందండీ, అది కందం. చివరి రెండు పాదాలు కలిపి లెక్కపెడితే ఆరో గణం జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో (నాలుగు లఘువులు) అయి తీరాలి. ‘వేరొం / డు గాథ’, జగణం శుభ్రంగా కుదిరింది. ‘వేరొక’ పెట్టండి, ‘గాథ ప’ అని భగణం (గురువు, రెండు లఘువులు) పడుతుంది, పాదంలో ఒక మాత్ర కూడా ఎగిరిపోతుంది. మీ క్లాసులో ఎనిమిదిమందికీ వేళ్లు లేవా, లెక్కపెట్టుకోడానికి?

పాత చందమామ: తొందరపడకండి మాస్టారూ. ‘వేరొక / టి గాథ’ అనండి. మాత్రలు సరిపోయాయి, జగణమూ దక్కింది. కాబట్టి ఛందస్సు ఒక్కటే తేల్చదు.

కందం పిచ్చి: గణం ఒప్పుకున్నంత మాత్రాన చెవి ఒప్పుకోవద్దూ? రెండో పాదంలో ‘భద్రుండఁట’ విన్నారు కదా. ఆ ‘రుండ’కి ఈ ‘రొండు’ బదులు పలుకుతోంది. ‘కటి’ అంటే ఆ మోత ఏదీ? పోతన్న చెవి అది. నాలుగు పాదాల్లో ‘పలుకు’ని ఐదుసార్లు తెచ్చి ఒక్కసారీ విసుగు పుట్టించలేదు మహానుభావుడు.

బళ్లారి బాబాయ్: మా వీధిలో ఇప్పటికీ ఒందు, ఎరడు అనే లెక్కపెడతారు కన్నడంలో. ఒండు అంటే ఒకటి, అంతే.

పాత చందమామ: ‘ఇతరం’ అనే అర్థం కూడా ఉంది దానికి. ఆ లెక్కన వేరొండు అంటే రెండుసార్లు ‘వేరు’ అన్నట్టు. అంత గట్టిగా వద్దన్నాడన్నమాట, ఇంకో కథ జోలికే పోనని.

వంటింటి కథకురాలు: ఆయన వద్దన్నదే నేను శీర్షిక చేసుకున్నాను. నా కథలో కూతురు సరిగ్గా ఆ ‘ఇంకో కథ’ చెప్పడానికే...

అరసున్న అభిమాని: ఆ ‘గాధ’ సంగతి వదిలేశారేం? గాధం అంటే కాలు ఆనేంత లోతు. కాదన్నది అగాధం. పాడుకునేది, చెప్పుకునేది గాథ. పత్రికల్లో ‘విషాద గాధ’ కనపడ్డప్పుడల్లా నాకు మోకాళ్ల లోతు విషాదమే గుర్తొస్తుంది. దిద్దినాయన మీ కథకి లోతు లేదని సూచించాడేమో, చూసుకోండి 🙂

పాత చందమామ: ప్రాకృత గాథలు కూర్చిన శాతవాహన రాజు హాలుడి కాలంలో ఈ పేచీయే లేదు. ఆ ప్రాకృతంలో పదం మధ్యలో థ వచ్చినా ధ వచ్చినా చివరికి ‘హ’యే. గాథాసప్తశతిలో గాథని గాహా అనే అన్నారు. హాయిగా లేదూ!

కందం పిచ్చి: ఆ సప్తశతినే శ్రీనాథుడు నూనూగు మీసాల వయసులో తెలుగు చేశానన్నాడు. ఆ పుస్తకం మనకి దక్కలేదు. మీసాలే మిగిలాయి.

బళ్లారి బాబాయ్: ఇక శ్రీనాథుడొచ్చాడు. ఈ రాత్రికి నిద్ర లేదు.

వంటింటి కథకురాలు: అందరికీ దణ్ణం. శీర్షిక అలాగే ఉంచేస్తాను. క్లాసులో గంటంతా దీనికే సరిపోయింది, లోపలి కథ గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆరు పేజీలే. ఇక్కడ పెడితే చదువుతారా?

అరసున్న అభిమాని: తప్పకుండా పెట్టమ్మా. మొదటి పేజీలో ఆ పద్యం మొత్తం వేశారా? వేస్తే ‘మగునఁట’లో అరసున్న ఉందో లేదో ఒకసారి చూసి మరీ పెట్టండి.