మొదటి ప్రెగ్నెన్సీ, 16వ వారం: ఒంట్లో ఈ మార్పులన్నీ మామూలేనా? ఏర్పాట్లు ఎప్పుడు మొదలుపెట్టాలి?

కొత్తచిగురు:
అందరికీ నమస్తే. ఇది నా మొదటి ప్రెగ్నెన్సీ, ఇప్పుడు 16వ వారం నడుస్తోంది. వేవిళ్లు దాదాపు తగ్గాయి, హమ్మయ్య అనుకునేలోపు వేరేవి మొదలయ్యాయి. పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం, జలుబు లేకుండానే ముక్కు బిగుసుకుపోవడం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, మంచం మీద గబుక్కున పక్కకి తిరిగితే పొత్తికడుపులో ఒక పక్క చురుక్కుమనడం. ఇవన్నీ డాక్టర్‌ని అడగాలనే వెళ్తాను, లోపల బీపీ, బరువు, స్కాన్ చూసుకునేసరికి టైమ్ అయిపోతుంది, బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే అప్పుడు గుర్తొస్తాయి.

ఇంకోటి, నాకు పొట్ట అసలు కనిపించట్లేదు. కదలికలూ తెలియట్లేదు. నాతో పాటే నెల తప్పిన ఒకావిడకి పోయిన వారమే తెలిశాయట, అది విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. పైగా నేను వెల్లకిలా పడుకునే మనిషిని. పక్కకి తిరిగి పడుకున్నా మెలకువ వచ్చేసరికి మళ్లీ వెల్లకిలానే ఉంటున్నాను, ఇక ఆ తర్వాత నిద్ర పట్టదు.

కొనాల్సిన సామాను జాబితాలు ఒక్కొక్కటీ ఇంత పొడవున్నాయి. చదువుతుంటే కళ్లు తిరుగుతున్నాయి (ఇది మాత్రం ప్రెగ్నెన్సీ వల్ల కాదులెండి). నిజంగా ఏం కావాలి, ఎప్పటికి సిద్ధం చేసుకోవాలి? ఇప్పటికే కాన్పు అయినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఇద్దరిఅమ్మ:
చెల్లీ, ముందు ఆ పక్కావిడతో పోల్చుకోవడం ఆపేయ్. తొలిచూలులో కదలికలు తెలిసేది ఎక్కువమందికి 18 నుంచి 20 వారాల మధ్య, కొందరికి ఇంకాస్త ఆలస్యం. మాయ గర్భసంచి ముందు గోడకి ఉంటే అది మధ్యలో అడ్డుగా ఉండి తన్నులు ఇంకా ఆలస్యంగా తెలుస్తాయి. నీ స్కాన్ రిపోర్టులో మాయ ఎక్కడుందో రాసే ఉంటుంది, ఒకసారి తీసి చూసుకో. మొదట్లో తన్నులా కూడా ఉండదు, పొట్టలో గ్యాస్ కదిలినట్టో, బుడగ పగిలినట్టో ఉంటుంది. నాకు మొదటిసారి చాలా రోజులు అది గ్యాసే అనిపించింది, రెండోసారి వెంటనే గుర్తుపట్టాను.

పొట్ట సంగతికొస్తే, 12 వారాలకి గర్భసంచి అప్పుడే నడుం ఎముకల గూట్లోంచి పైకి తొంగి చూస్తుంటుంది, 20 వారాలకి బొడ్డు దాకా వస్తుంది. నువ్వు ఈ రెండింటి మధ్యలో ఉన్నావు. మొదటిసారి పొట్ట కండరాలు బిగుతుగా ఉంటాయి కాబట్టి బయటికి కనిపించడం ఇంకా ఆలస్యం.

ఇక చిగుళ్లు, ముక్కు, ఆయాసం. వీటిలో చాలా భాగం హార్మోన్ల పని, మిగతాది రక్తం పని. నెలలు నిండేసరికి ఒంట్లో రక్తం దాదాపు సగం ఎక్కువ అవుతుంది, ముక్కు లోపలి సన్నటి పొరలు ఉబ్బుతాయి, చిగుళ్లు కాస్త తగిలినా రక్తం వస్తుంది. మెత్తటి బ్రష్ వాడు, తోముకోవడం మాత్రం మానకు, మానితే చిగుళ్లు ఇంకా పాడవుతాయి. పళ్ల డాక్టర్ దగ్గరికి ఇప్పుడు వెళ్లొచ్చు, కడుపుతో ఉన్నామని ముందే చెప్తే చాలు. ఆయాసం ఎందుకంటే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ మనచేత మరింత లోతుగా ఊపిరి తీయిస్తుంది. అయితే ఆయాసం వెనక రక్తహీనత కూడా ఉండొచ్చు, పెరిగే రక్తంలో నీటి భాగమే ఎక్కువ కాబట్టి హిమోగ్లోబిన్ అంకె ఎలాగూ కొంచెం దిగుతుంది, అది 11 కంటే కిందికి వెళ్తే డాక్టర్ ఐరన్ సంగతి చూస్తారు. ఐరన్ మాత్ర కాఫీ, టీలతో పాటు వేసుకోకు, కాల్షియం మాత్రకీ దానికీ మధ్య కొన్ని గంటలు తేడా ఉంచు. మలం నల్లగా వస్తుంది, కంగారు పడకు. మలబద్ధకం కూడా వస్తుంది, అసలే ప్రొజెస్టిరాన్ పేగుల్ని నెమ్మది చేస్తుంది, దానికి ఐరన్ తోడైతే ఇక చెప్పక్కర్లేదు. నీళ్లు, పీచు, నడక. అవీ సరిపోకపోతే మందు అడుగు, సిగ్గుపడి నెలల తరబడి భరించేవాళ్లని చూశాను, చివరికి మొలలు తెచ్చుకుంటారు.

పక్కకి తిరిగితే చురుక్కుమనేది గర్భసంచిని పట్టుకుని ఉండే లిగమెంట్లు సాగడం వల్ల. లేచేముందు మోకాళ్లు ముడిచి నెమ్మదిగా తిరుగు.

నిద్రమత్తు:
ఎడమ వైపే పడుకోవాలి, కుడి వైపు అస్సలు వద్దు, మా అత్తగారు మూడు కాన్పుల అనుభవంతో చెప్తున్నారు. రాత్రంతా మావారిని కాపలా పెట్టాను నేను 😄

లేబర్‌రూమ్_నర్స్:
నిద్రమత్తు గారూ, మీవారిని పడుకోనివ్వండి పాపం. కుడి వైపు వద్దనేదానికి ఆధారం లేదు, ఏ పక్కకైనా పడుకోవచ్చు. ఈ జాగ్రత్త అసలు 28 వారాల తర్వాతది. అప్పటికి గర్భసంచి బరువెక్కుతుంది, వెల్లకిలా పడుకుంటే వెన్నుపూస పక్కనుండే పెద్ద రక్తనాళాల మీద ఒత్తిడి పడి బిడ్డకి వెళ్లే రక్తం తగ్గుతుంది. ముఖ్యమైనది నిద్రలోకి జారుకునేటప్పుడు ఏ భంగిమలో ఉన్నామనేది, ఎందుకంటే ఎక్కువసేపు ఉండేది అందులోనే. మధ్యలో మెలకువ వచ్చి వెల్లకిలా ఉంటే పక్కకి తిరిగి మళ్లీ పడుకోవడమే. కొత్తచిగురు గారు 16 వారాల్లోనే దీనికోసం నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు, ఇప్పటి నుంచి మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టుకుని అలవాటు చేసుకుంటే చాలు.

డాక్టర్ గదిలో మర్చిపోవడం గురించి: ఫోన్‌లో రాసుకుని, లోపలికి వెళ్లి కూర్చోగానే "మూడు ప్రశ్నలున్నాయి" అని ముందే చెప్పేయండి. చివర్లో అడుగుదామనుకుంటే ఆ చివర రాదు, ఇది గదికి అటువైపు నుంచి చూసినదాన్ని చెప్తున్నాను. మీకు ఇప్పుడు దగ్గర్లో ఉన్నది 18–22 వారాల మధ్య చేసే అనామలీ స్కాన్, బిడ్డ అవయవాలన్నీ ఒక్కొక్కటిగా చూస్తారు, సమయం పడుతుంది. ఆ తర్వాత 24–28 వారాల మధ్య షుగర్ పరీక్ష. మీది నెగటివ్ బ్లడ్ గ్రూప్ అయితే 28 వారాల దగ్గర యాంటీ-డి ఇంజెక్షన్ (బిడ్డది పాజిటివ్ గ్రూప్ అయితే మీ ఒంట్లో ఆ రక్తానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవకుండా ఆపేది) గురించి అడగండి.

కొత్తచిగురు:
ఇద్దరిఅమ్మ అక్కా, రిపోర్టు తీసి చూశాను, మాయ ముందు వైపే ఉందట! ఎవరూ చెప్పలేదు నాకు. నర్స్ గారూ థాంక్యూ, ఈ రాత్రికి ప్రశాంతంగా పడుకుంటాను. ఇంకో రెండు అడగొచ్చా. ఇద్దరి తిండి తినాలి అంటున్నారు ఇంట్లో, ఇప్పటికి నేను పెరిగింది కిలోన్నర మాత్రమే. ఇంకోటి, పొట్ట మీద చారలు రాకుండా ఏ క్రీమ్ మంచిది?

ఇద్దరిఅమ్మ:
ఏ క్రీమూ ఆపదు. అమ్మేవాళ్లు ఏమన్నా అననీ. చారలు వచ్చేది చర్మం లోపలి పొరలో, ఎక్కువగా అది మన వంశాన్ని బట్టి, ఎంత త్వరగా బరువు పెరిగామన్నదాన్ని బట్టి ఉంటుంది. దురదగా ఉంటుంది కాబట్టి తేమగా ఉంచడానికి మామూలు మాయిశ్చరైజర్ ఏదైనా రాసుకో, హాయిగా ఉంటుంది, అంతకుమించి ఆశ పెట్టుకోకు. రెటినాల్ (విటమిన్ ఎ రకం) ఉన్న క్రీములు మాత్రం మానేయాలి, మొహానికి రాసేవాటిలో ఉంటుంది చూసుకో. బొడ్డు మీదుగా నల్లటి గీత, బుగ్గల మీద మచ్చలు కూడా రావొచ్చు, కాన్పు తర్వాత నెమ్మదిగా పలచబడతాయి. జుట్టు ఇప్పుడు ఒత్తుగా అనిపిస్తుంది, మురిసిపోకు, రాలాల్సింది రాలకుండా ఆగిందంతే, కాన్పయిన మూడు నాలుగు నెలలకి దువ్వెన నిండా వస్తుంది.

లేబర్‌రూమ్_నర్స్:
బరువు గురించి. మొదటి మూడు నెలల్లో అర కిలో నుంచి రెండు కిలోల దాకా పెరగడం మామూలు, వాంతుల వల్ల కొందరు తగ్గుతారు కూడా, మీది బాగానే ఉంది. గర్భానికి ముందు బీఎమ్ఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చూపే అంకె) 18.5–24.9 మధ్య ఉన్నవాళ్లు మొత్తం మీద 11.5 నుంచి 16 కిలోలు పెరగడం ఆరోగ్యకరం, ముందే బరువు ఎక్కువున్నవాళ్లకి అంతకంటే తక్కువ. ఇద్దరి తిండి అక్కర్లేదు. రోజుకి మూడు నాలుగు వందల కేలరీలు అదనంగా కావాలి, అదీ ఈ నెలల నుంచే. కాఫీ, టీలు మానక్కర్లేదు, రోజు మొత్తం మీద కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోండి. తలనొప్పి, నడుంనొప్పి అని ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా మింగొద్దు, ముఖ్యంగా 20 వారాలు దాటాక.

అడగలేదు గానీ చెప్తాను, ఎందుకంటే దీనికోసం ఆలస్యంగా వచ్చేవాళ్లని చూస్తుంటాను. రక్తస్రావం, నీళ్లు కారడం, తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, పక్కటెముకల కింద గట్టి నొప్పి, మొహం చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం, జ్వరం, ఒక్క కాలే వాచి పిక్కలో నొప్పి: వీటిలో ఏది వచ్చినా రేపటి దాకా ఆగొద్దు, ఆ గంటే ఫోన్ చేయాలి, అర్ధరాత్రయినా సరే. సాయంత్రానికి పాదాలు వాచి, కాళ్లు ఎత్తుగా పెట్టుకుంటే తగ్గేది వేరు, అది చాలామందికి వచ్చేదే. అరచేతులు అరికాళ్లు దద్దుర్లు లేకుండానే రాత్రిపూట విపరీతంగా దురద పెడితే మాత్రం మామూలు దురద అనుకోవద్దు, లివర్‌కి సంబంధించినది కావొచ్చు, రక్తపరీక్ష చేయాలి. కదలికలు బాగా తెలియడం మొదలయ్యాక మీ బిడ్డ ఎప్పుడు ఎలా కదులుతుందో మీకే ఒక అంచనా వస్తుంది, అందులో తేడా వస్తే రండి. నెలలు నిండాక చోటు చాలక కదలికలు తగ్గుతాయని చెప్పేవాళ్లుంటారు, అది తప్పు. కదిలే తీరు మారొచ్చు, కదలడం తగ్గకూడదు.

కాబోయేనాన్న_ఇప్పుడునాన్న:
సామాను సంగతి నేను చెప్తాను, మా ఇంట్లో ఆ పని నాదే. జాబితాల్లో సగం తీసేయొచ్చు. బిడ్డకి మొదటి వారాల్లో కావాల్సింది ఒంటికి మెత్తటి బట్టలు, చుట్టడానికి గుడ్డలు, డైపర్లు, పడుకోవడానికి గట్టి చదునైన పరుపు, అందులో దిండ్లూ బొమ్మలూ ఏమీ వద్దు. అన్నిటికంటే చిన్న సైజు బట్టలు ఎక్కువ కొనకండి, చూస్తుండగానే బిగుతైపోతాయి. కారుంటే పాపాయి సీటు ముందే బిగించి చూసుకోండి, ఆ పట్టీల సంగతి అర్థం కావడానికి ఒక సాయంత్రం పడుతుంది, కాన్పయిన రోజు అంత ఓపిక ఉండదు.

హాస్పిటల్ సంచి 35–36 వారాలకల్లా సర్దేయాలి. 37 వారాల నుంచి 42 లోపు ఎప్పుడైనా రావొచ్చు, డాక్టర్ ఇచ్చిన తేదీ రోజునే పుట్టేవాళ్లు నూటికి ఐదుగురు కూడా ఉండరు. ఫైలు, స్కాన్ రిపోర్టులు, బ్లడ్ గ్రూప్ కాగితం పైనే ఉండాలి. ముందు గుండీలున్న వదులు నైటీలు, పెద్ద సైజు ప్యాడ్లు, ముదురు రంగు లోదుస్తులు, జారని చెప్పులు, పొడవు వైరున్న ఛార్జర్. ఆవిడ సంచి, బిడ్డ సంచి వేర్వేరుగా పెడితే వెతుక్కోవడం తప్పుతుంది, భర్తకి ఒక జత బట్టలు కూడా పెట్టుకోండి, ఈ ముక్క ఏ జాబితాలోనూ ఉండదు.

కారులో సీటు బెల్టు కింది పట్టీ పొట్ట మీదుగా కాదు, పొట్ట కిందుగా తుంటి ఎముకల మీద ఉండాలి. పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కకి. పొట్టకి ఒత్తుకుంటుందని మా ఆవిడ బెల్టే మానేద్దామంది, ఒప్పుకోలేదు.

నిద్రమత్తు:
నర్స్ గారు చెప్పింది మా అత్తగారికి చదివి వినిపించాను, ఒప్పుకోలేదు, మావారు మాత్రం మీకు దండం పెట్టమన్నారు. కొత్తచిగురూ, నాకు 34 వారాలు, ముందున్నవి చెప్తాను. తెల్లవారుజామున పిక్క పట్టేసి కేక పెట్టి లేస్తావు, పాదాన్ని నీ వైపుకి లాగి పట్టుకుంటే వదులుతుంది. గుండెల్లో మంట, తిన్న వెంటనే పడుకోకు, తల వైపు ఎత్తు పెట్టుకో. బాత్రూమ్‌కి ఇప్పుడే ఎక్కువ అనుకుంటున్నావేమో, బిడ్డ తల కిందికి దిగాక చూద్దువు. ఉంగరాలు వేళ్లు వాయకముందే తీసి పెట్టుకో. చెప్పులు కూడా బిగుతవుతాయి, నాకు ఒక సైజు పెరిగింది. అన్నట్టు పొట్ట ఉన్నట్టుండి గట్టిపడి వదిలేస్తోంది రోజూ, ఇవి దొంగ నొప్పులేనా? నర్స్ గారూ మీరు చెప్పాలి.

లేబర్‌రూమ్_నర్స్:
లేచి నాలుగడుగులు వేసినా, నీళ్లు తాగి పక్కకి తిరిగి పడుకున్నా తగ్గిపోతూ, వేళాపాళా లేకుండా వస్తుంటే దొంగ నొప్పులే. నిజం నొప్పులు ఏం చేసినా ఆగవు, మధ్యలో విరామం తగ్గుతూ, నొప్పి పెరుగుతూ, నడుము నుంచి ముందుకి వస్తాయి. అయితే మీకు ఇంకా 37 నిండలేదు కాబట్టి ఒక లెక్కలో వస్తున్నాయనిపించినా, నడుంనొప్పి తోడైనా, నీళ్లలాంటిది కారినా ఇంట్లో కూర్చుని గంటలు లెక్కపెట్టకండి, వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి. నిండాక అయితే ఐదు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు అలాగే వస్తుంటే బయల్దేరమని చాలా చోట్ల చెప్తారు. మీ హాస్పిటల్‌ వాళ్లు ఏమంటారో ఈసారి వెళ్లినప్పుడు అడిగి, వాళ్ల రాత్రి నంబర్ ఫోన్‌లో వేసుకోండి. మీవారి ఫోన్‌లో కూడా.