సంతలో బీపీ ఎక్కువ, ఊళ్లో మామూలు: ఏది లెక్క?

ప్రశ్న (మన్యం_సబ్‌సెంటర్):
పాడేరు వైపు వారపు సంతల్లో 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ చూస్తున్నాం. చాలామందికి 150/95 అలా వస్తోంది. తర్వాత ఊళ్లో చూస్తే కొందరికి 130 కూడా దాటడం లేదు. మాత్రలు మొదలెట్టినవాళ్లేమో నెల తిరక్కముందే మానేస్తున్నారు. ఏం చేయాలండీ?

కొలత_ముఖ్యం:
మూట దించీ దించకముందే కఫ్ (బీపీ చూసే పట్టీ) చుడితే ఎక్కువే చూపిస్తుంది. 5 నిమిషాలు కూర్చోబెట్టండి. వీపు ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు, మూత్రం ఆపుకుని ఉండకూడదు. చుట్ట గానీ కాఫీ గానీ తాగి అరగంట దాటాలి. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లను ఈ సంగతి విడిగా అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. కిందికి వేలాడితే 10 పాయింట్ల దాకా పెరగొచ్చు. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయండి.

ఎవరూ పట్టించుకోనిది కఫ్ సైజు. మామూలు కఫ్ 22 నుంచి 32 సెం.మీ. చేతికి. బక్కపలచని మనిషికి అది వదులైతే బీపీ తక్కువగా చూపిస్తుంది, అసలు రోగి తప్పిపోతాడు. టేపుతో దండచెయ్యి చుట్టుకొలత చూసి, 22 లోపుంటే చిన్న కఫ్ వాడండి.

140/90 దాటితే మరో రోజు మళ్లీ చూడాలి. 180/110 దాటితే అదే రోజు డాక్టరు దగ్గరికి పంపండి. ఛాతీనొప్పి, మాట తడబాటు, ఒకవైపు చచ్చుబడటం ఉంటే అంకె ఎంతున్నా 108కి ఫోన్ చేయాల్సిందే.

మందుల_రిజిస్టర్:
మానేయడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్రతో చీలమండలు వాయొచ్చు. దాన్ని చూసి కిడ్నీ పోయిందని భయపడతారు. ముందే చెప్పి ఉంచండి, వాపు వస్తే డాక్టరు మోతాదో మందో మారుస్తారు. గర్భం వచ్చే అవకాశమున్నవాళ్లకు టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ అనే బీపీ మాత్రలు వద్దు. ఒళ్లునొప్పులకని రోజూ డైక్లోఫెనాక్ మింగుతున్నారేమో అడగండి, అదీ బీపీ పెంచుతుంది.

వానాకాలంలో వాగులు పొంగితే 30 రోజుల మాత్రలతో లాభం లేదు. జూన్‌లోనే రెండు, మూడు నెలలవి ఇప్పించమని పీహెచ్‌సీ డాక్టరును అడగండి. మళ్లీ ఇచ్చే రోజు సంత రోజే పెట్టండి. సిగ్నల్ లేనిచోట యాప్‌ను నమ్ముకోకుండా కాగితం రిజిస్టర్ ఉంచుకోండి.

ఉప్పుచేప:
పచ్చళ్లు తగ్గించమనే పట్నం కరపత్రం అక్కడ పనికిరాదు. ఉప్పు చేరేది ఎండుచేపలోంచి, అంబలిలోంచి. ఎండుచేపను వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కూరలో మళ్లీ ఉప్పు వేయొద్దనండి. మొత్తం మీద మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు, దాటకూడదు. అలాగని అయోడిన్ ఉప్పు మానిపించి కళ్లుప్పుకు మార్చకండి, బీపీకి ఒరిగేదేం లేదు, గాయిటర్ (గొంతు దగ్గర వాపు) ముప్పు అదనం.