ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే ఏ ఫ్లోరింగ్ ఆగుతుంది?

బ్రూనో_నాన్న: కొత్త ఇల్లు కడుతున్నాం. ఒక ల్యాబ్రడార్, ఒక పిల్లి. హాల్లో వుడెన్ లామినేట్ కావాలని మా ఆవిడ, టైల్సే మేలని నేను. మెట్లకు ఏం వేయాలో కూడా చెప్పండి.

రెండు_పిల్లులు: లామినేట్ జోలికి పోకండి. లోపలుండేది చెక్కపొట్టు నొక్కి చేసిన బోర్డు, తడి దిగితే ఉబ్బుతుంది. మా పిల్లి సోఫా వెనక ఒకే మూలన పోస్తోందని మేం కనిపెట్టేసరికి జాయింట్లు లేచి కాలికి గుచ్చుకుంటున్నాయి.

మార్బుల్_బాధ: మార్బుల్ కూడా వద్దండీ. ఉచ్చ పీల్చుకుని పసుపు మరక పడింది. వాసన పోతుందని ఎవరో చెబితే వెనిగర్ పోసి తుడిచాను, అక్కడ మెరుపంతా పోయి తెల్లగా పాలిపోయింది. పులుపు తగిలితే మార్బుల్ కరుగుతుందని ఎవరూ చెప్పలేదు.

20ఏళ్ల_మేస్త్రీ: ఇరవై ఏళ్లుగా నా పనే ఇది. డబుల్ ఛార్జ్ విట్రిఫైడ్ టైల్స్ (రెండు పొరలు కలిపి నొక్కి, గట్టిగా కాల్చినవి) వేయించండి, గ్లాసీ, అంటే నున్నగా మెరిసేవి. నీళ్లు పీల్చడం 0.5 శాతం లోపే, రంగు పొర మందంగా ఉంటుంది కాబట్టి గోళ్ల గీతలకు భయం లేదు.

టామీ_అమ్మ: గ్లాసీనా? మా టామీకి పదకొండేళ్లు. గిన్నె చప్పుడైతే పరుగెత్తుకొచ్చేవాడు, ఒకరోజు వెనక కాళ్లు రెండూ చెరో పక్కకి జారి కూలబడిపోయాడు. ఆ తర్వాత హాల్లోకి రావడమే మానేశాడు. మ్యాట్ ఫినిష్ టైల్స్, అంటే మెరుపు లేని గరుకువి, వేయించండి.

20ఏళ్ల_మేస్త్రీ: మ్యాట్‌లో మురికి పట్టేస్తుంది మేడమ్, రోజూ రుద్దేది ఎవరు? గోళ్లు కత్తిరిస్తే జారదు.

టామీ_అమ్మ: గోళ్లే కాదు, పాదాల కింద వెంట్రుకలు కూడా కత్తిరిస్తాను. అయినా జారాడు. మీరు టైల్ అతికించి వెళ్లిపోతారు, తుంటి నొప్పితో మూలిగే కుక్కను ఎత్తుకునేది నేను. రుద్దుకుంటాను, నాకేం కష్టం కాదు.

రెండు_పిల్లులు: గొడవెందుకండీ, టైల్ కన్నా గ్రౌట్, అంటే టైల్స్ మధ్య సందుల్లో నింపేది, ముఖ్యం. సిమెంట్ గ్రౌట్ ఉచ్చ తాగుతుంది, ఎంత కడిగినా వాసన పోదు. ఎపాక్సీ గ్రౌట్ (రెజిన్‌తో చేసింది, తడి పీల్చదు) వేయించండి.

20ఏళ్ల_మేస్త్రీ: ఎపాక్సీ మాట నిజమే.

కొత్త_కుక్కపిల్ల: మేం రోజూ ఫినాయిల్‌తోనే తుడుస్తాం, వాసనే లేదు.

రెండు_పిల్లులు: పిల్లి ఉన్న ఇంట్లో ఫినాయిల్ వద్దే వద్దు! అందులో ఫినాల్ అనే రసాయనం ఉంటే పిల్లి లివర్ దాన్ని సరిగా విరగ్గొట్టలేదు, నేల మీద నడిచి పాదాలు నాకుతుంది కదా. అమ్మోనియా క్లీనర్లూ వద్దు, ఉచ్చ వాసన అనుకుని మళ్లీ అక్కడే పోస్తాయి. ఉచ్చలో వాసన వచ్చే పదార్థాలను విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్ వాడండి.

మార్బుల్_బాధ: అది మార్బుల్ మీద వాడొచ్చా?

బ్రూనో_నాన్న: మెట్ల సంగతి?