ఆకులో సున్నపు ముద్ద చూసి మర్రో జువ్వో చెప్పొచ్చా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు): మర్రి, రావి, జువ్వి ఆకుల పైచర్మం కణాల్లో కాల్షియం కార్బొనేట్ ముద్దలుంటాయి, సిస్టోలిత్‌లంటారు. వాటితో జాతి తేల్చొచ్చని ఒకాయన గట్టిగా వాదించినాడు. నిజమేనా?

అనంత_బోటనీ: తేల్చొచ్చు. రబ్బరు మర్రి ఆకును అడ్డంగా పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టండి. పైచర్మం పొరలు పొరలుగా ఉంటుంది. అందులో ఒక పెద్ద కణం, దాని పైగోడ నుంచి సన్నని కాడకు ద్రాక్షగుత్తిలా వేలాడే గరుకు ముద్ద. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుడగలొచ్చి ముద్ద కరుగుతుంది, కాడ మిగులుతుంది. ఆకుల్లో ఉండే ఇంకోరకం గట్టి పలుకులు, కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలకైతే బుడగలు రావు. ఈ ముద్దలు కొన్ని జాతుల్లో పైపొరలో, కొన్నిట్లో కిందిపొరలో, కొన్నిట్లో రెండువైపులా ఉంటాయి.

బేతంచెర్ల_నాపరాయి: మా నేలంతా సున్నపురాయి. నేలలో సున్నాన్ని బట్టి పెరిగి తరిగేది జాతి గుర్తు ఎట్లయితది?

అనంత_బోటనీ: సైజు మారుతుంది, చోటు మారదు. నేను చెప్పేది చోటు గురించి.

బేతంచెర్ల_నాపరాయి: సైజు మారుతుందని ఒప్పుకున్నారు గదా, ఇంకేం!

కదిరి_పిల్లోడు: తిమ్మమ్మ మర్రిమాను కింద నిలబడి ఆకు కోసేదెందుకన్నా? ఊడలు కనపడల్యా?

కడప_మూలికలు: ఊడలు చెట్టుకుంటాయి నాయనా, పొడికి కాదు. రావాకు పొడి పంపితే "ముద్దలున్నాయి, అడ్డసరం కలిపినారు" అని కొన్నోళ్లు సరుకంతా తిప్పి పంపినారు. రావాకులోనూ ఉంటాయని మొత్తుకున్నా వినల్యా. బాడుగ రెండుసార్లూ నా నెత్తినే. మీ బుడగల పరీక్షే నన్ను ముంచింది సార్.

అనంత_బోటనీ: తప్పు పరీక్షది కాదు, సగం చేసి ఆపినోళ్లది! అడ్డసరంలో ముద్ద పొడుగ్గా ఉంటుంది. గంజాయిలో కురచ నూగు అడుగున ఉంటుంది, ఫోరెన్సిక్ ల్యాబులు గంజాయిని పసిగట్టేటప్పుడు దాన్ని కూడా చూస్తాయి. బుడగలొక్కటే చూసి ఊరుకుంటే ఎట్ల?

బేతంచెర్ల_నాపరాయి: మర్రికీ అడ్డసరానికీ గంజాయికీ ఉన్నదాంతో వర్గాలు కడతారా? మర్రి, రావి, మేడి, అంజూర, దాదాపు 800 జాతుల్ని ఒక్కటి చేసేది పూలను లోపల దాచుకున్న కాయ. పెద్ద చదువులు చదివినోళ్లు మా మాట వినరు.

అనంత_బోటనీ: వర్గం కట్టమని నేనెప్పుడన్నా? అది పూత, కాయ చూసే కట్టినారు. ఆకు ముక్క ఒక్కటే చేతికొచ్చినప్పుడు అది ఎవరిదో చెప్పడానికే ఈ గుర్తు.

బేతంచెర్ల_నాపరాయి: ఆ మాట మొదట్లోనే చెప్పాల. "జాతి తేల్చొచ్చు" అని మొదలుపెట్టింది మీరే.

కడప_మూలికలు: నాకు ముక్కే బతుకుదెరువు. దానికి దారి చెప్పండి.

అనంత_బోటనీ: పొడితో పాటు నిండాకులు కొన్ని అదే సంచిలో పెట్టి పంపండి. ముద్ద ఏ పొరలో ఉందో, ఏ ఆకారమో కోసి చూసుకుంటారు.

కడప_మూలికలు: పెడతా సార్. కోసి చూసే ఓపిక వాళ్లకుండాల గదా.