తొమ్మిదో తరగతి పాపకు ఒక్క సైన్స్ పుస్తకం?

ప్రశ్న: పాఠ్యపుస్తకాలు కాకుండా ఏది చదివించమంటారండీ?

జవాబు: ఇంగ్లండ్ శాస్త్రవేత్త మైకేల్ ఫారడే కొవ్వొత్తి ఉపన్యాసాలు. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకు చెప్పినవి, 1861లో పుస్తకమయ్యాయి. ఊరికే చదివించకండి, చేయించండి! కొవ్వొత్తి ఆర్పగానే లేచే తెల్లపొగకు, ఒత్తికి రెండు సెంటీమీటర్ల పైన, వెలిగించిన అగ్గిపుల్ల చూపితే మంట కిందికి దూకి ఒత్తి అంటుకుంటుంది. మండేది మైనపు ఆవిరేనని అక్కడే తెలిసిపోతుంది.

ఇంకొకరు: ఫ్యాన్ ఆపండి. గట్టిగా ఊదినా ఆవిరి చెదిరిపోయి అంటుకోదు.

ప్రశ్న: అందులోని సున్నపుతేట (సున్నం కలిపిన నీటి పైతేట) ప్రయోగం ఇంట్లో కుదురుతుందా?

జవాబు: భేషుగ్గా. తాంబూలం సున్నం చెంచాడు అరలీటరు నీళ్లలో కలిపి, మూతపెట్టి, రాత్రంతా కదపకుండా ఉంచి పైతేట వంచుకోండి. మూత లేకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌కే తెట్టు కడుతుంది. కొవ్వొత్తి మంటపై కాసేపు బోర్లించిన గాజుసీసాలో, చల్లారాక, తేట పోసి ఊపితే పాలలా మారుతుంది; మంట నుంచి కార్బన్ డయాక్సైడ్ వచ్చిందని అదే గుర్తు. కళ్లలో మాత్రం పడనివ్వొద్దు.